మేళగాళ్ళ కోసం పెట్టే కచేరీలో మేళగాళ్ళకి కూలీ ఇవ్వండి

పర్లాకిమిడిలో సహాయ కచేరీ తలపెట్టిన కమిటీ పెద్దలకు,

నమస్కారం.

మేళం వాయించుకుని బతికే కుటుంబాల కోసం, ఆంధ్ర సరిహద్దుకి ఆనుకుని ఒడిశాలో ఉన్న మన ఊళ్ళో ఒక సహాయ కచేరీ పెట్టాలనుకున్నందుకు ముందుగా మీకు కృతజ్ఞతలు. నాది మైకు సెట్టు అద్దెకిచ్చే పని. పెళ్ళిళ్ళలో, అమ్మవారి సంబరాల్లో, రథయాత్రలో, వినాయక చవితి పందిళ్ళలో నా బతుకంతా వీళ్ళ పక్కనే గడిచింది. వాళ్ళు తిన్న పంక్తిలోనే తిన్నాను, వాళ్ళు నడుం వాల్చిన అరుగుల మీదే నేనూ నడుం వాల్చాను. ఊరి పెద్దలు వీళ్ళ గురించి కూర్చుని మాట్లాడుకున్నారని తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు.

అయితే మీరు పంచిన కార్యక్రమం కాగితం చూశాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. ఫాల్గుణంలో ఒక ఆదివారం సాయంత్రం ఆరున్నరకి జ్యోతి వెలిగించడం, తర్వాత అతిథుల ప్రసంగాలు, సన్మానాలు, ఆ తర్వాత బయటి ఊరి నుంచి వచ్చే సినిమా పాటల ఆర్కెస్ట్రా. అన్నీ అయ్యాక చివర్లో మన మేళాలు, ఒక్కొక్కదానికి పది నిమిషాలు. వాటి పేర్ల ఎదురుగా ‘ఉచిత సేవ’ అని రాసి ఉంది. ఆర్కెస్ట్రా ఎదురుగా అలా రాయలేదు.

నేను అడిగేది ఒక్కటే. ఆ రోజు వాయించే ప్రతి మేళానికీ కూలీ ఇవ్వండి, ఆ సాయంత్రాన్ని వాళ్ళ చేతిలో పెట్టండి. కింద రాసినవన్నీ దీనికి సంబంధించినవే.

సహాయం ఎవరికి చేస్తున్నామో ఒకసారి చూడండి. పక్షవాతం వచ్చి క్లారినెట్ పక్కన పెట్టేసిన మనిషికి, భర్త పోయి ఇద్దరు పిల్లలతో మిగిలిన డోలు విద్వాంసుడి భార్యకి, ఇలా కొన్ని కుటుంబాలకి. మరి వాళ్ళ కోసం వేదిక ఎక్కి వాయించేదెవరు? అదే వీధిలో, అదే రేకుల ఇంట్లో, అదే అప్పుల్లో ఉన్నవాళ్ళు. వాళ్ళలో ఎవరి ఇల్లైనా వచ్చే ఏడాది ఈ సహాయం జాబితాలోకి ఎక్కవచ్చు. ఒక రోజు కూలీ వదులుకుని తోటివాడికి సాయం చెయ్యమంటే వాళ్ళు కాదనరు. మొహమాటంతో తలూపుతారు. ఆ మొహమాటాన్ని మనం వాడుకోకూడదు. టెంటు వాడికి డబ్బిస్తున్నాం, ఫ్లెక్సీలు కొట్టేవాడికి ఇస్తున్నాం, భోజనాల వాళ్ళకి ఇస్తున్నాం, బయటి ఆర్కెస్ట్రాకి ఇస్తున్నాం. ఎవరి పేరు మీద టికెట్లు అమ్ముతున్నామో వాళ్ళ దగ్గరికి వచ్చేసరికే సేవ గుర్తొస్తే ఎలా?

ఇవ్వదలుచుకున్నవాళ్ళు ఇస్తారు. కూలీ కవరు చేతికి అందాక, అందులోంచి తనకు తోచినంత తీసి హుండీలో వేసే మనిషి మేళంలో తప్పకుండా ఉంటాడు. అది అతని దానం అవుతుంది. ముందే ‘ఉచితం’ అని అచ్చు వేయించేస్తే ఆ దానం చేసే గౌరవం కూడా అతనికి దక్కదు.

తేదీ మాట కూడా చెప్పాలి. ఫాల్గుణం ముహూర్తాల నెల. మేళగాళ్ళకి ఏడాదిలో పెళ్ళిళ్ళ సంపాదన ఎక్కువగా ఉండేది మాఘం, ఫాల్గుణం, వైశాఖం, జ్యేష్ఠం, శ్రావణాల్లో. ఆషాఢంలో పెళ్ళిళ్ళు లేవు, పుష్యంలో లేవు, మూఢం వచ్చిందంటే ఆ నెలల్లో కూడా లేవు. పైగా సెలవు కలిసొస్తుందని ఆదివారం ముహూర్తానికి ఇప్పుడు గిరాకీ ఎక్కువ. మీరు పెట్టిన ఆదివారం నాడు ఆ మేళాల్లో చాలావాటికి పెళ్ళి బేరం దొరుకుతుంది. దాన్ని వదులుకుని మన సభకి రమ్మనడం సహాయం ఎలా అవుతుంది? పుష్యమాసంలో, సంక్రాంతికి ముందు పెట్టండి. మన తెలుగు ఇళ్ళలోనూ ఒడియా ఇళ్ళలోనూ అప్పుడు పెళ్ళిళ్ళుండవు. మేళాలన్నీ ఖాళీగా ఉంటాయి, పంట చేతికొచ్చి ఊళ్ళ చేతిలోనూ నాలుగు రూపాయలుంటాయి.

ఈ పని ఎంత గాలివాటం బతుకో ఊరికి సరిగా తెలియదు. 2018లో తిత్లీ తుఫాను అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. ఆ ముందు రోజే దసరా నవరాత్రులు మొదలయ్యాయి. నవరాత్రులంటే మేళాలకి రోజూ పని ఉండే రోజులు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు పోయాయి, మన గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి మనుషులు పోయారు. అంతటి నష్టంలో డప్పు తడిసిపోయినవాడి నష్టం ఎవరి లెక్కలోకీ రాలేదు. తోట పోయినవాడికి పట్టా ఉంది, ఇల్లు కూలినవాడికి గోడలు చూపించే వీలుంది. రద్దయిన బేరానికి ఏ కాగితం చూపిస్తాడు? 2020లో మార్చి 25న లాక్‌డౌన్ పెట్టినప్పుడు కూడా అంతే. వైశాఖం ముహూర్తాలు మొత్తం పోయాయి. తర్వాత పెళ్ళికి 50 మందిని అనుమతించారు. ఆ యాభైలో చుట్టాలకే చోటు చాలకపోతే మేళాన్ని ఎవరు లెక్కపెడతారు? తీసుకున్న బయానాలు తిరిగి ఇవ్వడానికి క్లారినెట్లు, ట్రంపెట్లు తాకట్టు పెట్టినవాళ్ళు నాకు తెలుసు. సీజను మళ్ళీ మొదలైనప్పుడు వాద్యం తాకట్టులో, మనిషి ఇంట్లో. పక్క ఊరి బ్యాండు మాస్టరు దగ్గర వాద్యం అద్దెకి తెచ్చుకుని వాయించి, వచ్చినదాంట్లో అద్దె పోను మిగిలింది ఇంటికి తీసుకెళ్ళారు.

ఇంకో విషయం. ఊదే మనిషికి పళ్ళే పనిముట్లు. క్లారినెట్ వాయించేవాడు పైపళ్ళు వాద్యం మీద ఆనించి, కింది పెదవిని పంటి మీదికి మడిచి, దాని మీద రీడు పెట్టి ఊదుతాడు. ముందు పళ్ళు రెండు ఊడితే గాలి పక్కలనుంచి పోతుంది, స్వరం నిలవదు. నలభై ఐదేళ్ళ మనిషి, చెయ్యి తిరిగిన వాద్యగాడు, పళ్ళు పోయాయన్న ఒక్క కారణానికి పెద్ద తాళాలు పట్టుకుని వెనక వరసలో నడవడం నేను చూశాను. వెనక వరసకి వాటా తక్కువ. కట్టుడు పళ్ళు పెట్టించుకోవచ్చు కదా అంటారు. వాటికి డబ్బు కావాలి, పెట్టించుకున్నాక వాటితో ఊదడం మళ్ళీ నేర్చుకోవడానికి నెలలు కావాలి, ఆ నెలల్లో ఇల్లు గడవాలి. కమిటీ నిధిలోంచి మొదటి రూపాయి దేనికి ఖర్చు పెట్టాలని నన్నడిగితే, ఊదేవాళ్ళ పళ్ళకి అంటాను. ఎవరి దరఖాస్తు ఫారంలోనూ ఈ మాట ఉండదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

అలాగే లైట్లు మోసేవాళ్ళు. బ్యాండు ముందు రెండు పక్కలా నెత్తిన లైట్లు పెట్టుకుని, జనరేటరు బండికి వైరుతో కట్టేసినట్టు నడిచే ఆడవాళ్ళు. బండి ఆగితే వాళ్ళు ఆగాలి, బండి కదిలితే కదలాలి. పెళ్ళికొడుకు స్నేహితులు రోడ్డు మధ్యలో గంటసేపు డాన్సు చేస్తే గంటసేపూ ఆ బరువుతో నిలబడాలి. మీ జాబితాలో వాయించేవాళ్ళ పేర్లే ఉన్నాయి. వీళ్ళు లేకుండా మన ఊళ్ళో రాత్రి ఊరేగింపు లేదు. సహాయంలో వీళ్ళనీ చేర్చండి. జనరేటరు బండి తోసే కుర్రాణ్ణి కూడా.

ఇక ఆ సాయంత్రం ఎలా జరగాలన్నది. మైకు పెట్టెల వెనక కూర్చునేవాణ్ణి కాబట్టి ఈ విషయంలో నా మాటకి కొంచెం విలువివ్వండి.

లౌడ్ స్పీకర్లకి రాత్రి పదితో ఆఖరు. శబ్ద కాలుష్యం మీద 2000లో వచ్చిన నియమాల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా బహిరంగ స్థలంలో మైకు మోగకూడదు. పండగలకీ సాంస్కృతిక కార్యక్రమాలకీ ఏడాదిలో 15 రోజులకి మించకుండా అర్ధరాత్రి దాకా సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది కానీ, ఆ రోజుల్లో మన రోజు ఉంటుందన్న భరోసా లేదు. ఈ నియమం మంచిదే, నేను దానికి కట్టుబడే పని చేస్తాను. అయితే దానివల్ల జరిగేది ఇది: సభ ఆలస్యమైతే కోత పడేది చివర ఉన్నవాళ్ళకి. చివర ఉండేది ఎప్పుడూ మేళాలే.

కొన్నేళ్ళ కిందట ఇలాంటి సభ ఒకదానికి నేనే మైకు పెట్టాను. కొండ మీది గూడెం నుంచి ఒక మేళం వచ్చింది, డోళ్ళతో, సన్నాయిలాంటి మహురీతో. మధ్యాహ్నం బస్సుకే దిగిపోయారు. వేదిక వెనక, వంటల పొయ్యి ఆర్పిన చోట కూర్చున్నారు. చలికాలం, మంచు పడుతోంది, తోలు మెత్తబడి డోలు పలకడం లేదు. గడ్డి మంట వేసుకుని డోళ్ళు కాచుకున్నారు. ప్రసంగం ఇంకొకటి మొదలైంది, తోలు మళ్ళీ మెత్తబడింది, మళ్ళీ మంట వేశారు. ఒక పెద్దాయన బొటనవేలితో తోలు మీద తట్టి చెవి దగ్గర పెట్టుకుని వినడం, తల అడ్డంగా ఊపడం, మళ్ళీ మంట దగ్గరికి తీసుకెళ్ళడం. వాళ్ళని పిలిచేసరికి పది కావడానికి అయిదు నిమిషాలుంది. వేదిక ఎక్కి నిలబడి మొదటి దెబ్బ వేసేలోగా పోలీసులు వచ్చారు. మైకు కట్టేశాను. మైకు లేకుండానే వాయిస్తాం బాబూ అని అడిగారు. ఆ నియమాల్లో వాద్యాల మాట కూడా ఉంది, బయట పదయ్యాక అవీ కుదరదు. డోళ్ళు భుజాన వేసుకుని బస్టాండుకి వెళ్ళారు. ఆ రాత్రి వాళ్ళకి భోజనం టోకెన్లు కూడా ఎవరూ ఇవ్వలేదని తర్వాత తెలిసింది. ఆ కడుపుమంట నాకు ఇప్పటికీ తగ్గలేదు. మీ కాగితంలో మేళాలని చివర చూసేసరికి నా చెయ్యి ఈ ఉత్తరం వైపు వెళ్ళింది.

కాబట్టి సాయంత్రం అయిదుకే మొదలు పెట్టండి, మేళాలతోనే మొదలు పెట్టండి. బ్యాండు మేళాన్ని కుర్చీల్లో కూర్చోబెట్టకండి. అది నడుస్తూ వాయించే మేళం. పెద్ద డ్రమ్ము అడుగు చెబుతుంది, మిగతా అందరి ఊపిరీ ఆ అడుగుతో కలుస్తుంది. జగన్నాథస్వామి గుడి దగ్గర బయలుదేరి మైదానం దాకా బ్యాండులు ఒకదాని వెనక ఒకటి వాయించుకుంటూ రావాలి. ఆసుపత్రికి వంద మీటర్ల లోపు నిశ్శబ్ద మండలం కాబట్టి దారి ఆ పక్కకి రాకుండా చూసుకుందాం. టికెట్టు కొనలేనివాడు కూడా గుమ్మంలో నిలబడి వింటాడు. పెళ్ళికొడుకు కారు, డాన్సులు, కేకలు ఏవీ లేకుండా ఒక్క బ్యాండుని మాత్రమే విని ఎన్నాళ్ళయింది మనకి? యుఫోనియం అనే వాద్యం ఒకటుందని, అది కింది స్థాయిలో ఎంత అందంగా పాడుతుందో అప్పుడు తెలుస్తుంది. డీజే బాక్సుల హోరు మధ్య దాని గొంతు ఎవరికీ వినబడలేదు.

వేదిక మీద సన్నాయి మేళం మొదట. ఎలాగూ మంగళవాద్యమే కదా, దాంతో మొదలైతే జ్యోతి వెలిగించడం కూడా ఆ వాద్యం మధ్యలోనే అయిపోతుంది. సన్నాయికి మైకు మూడడుగుల దూరంలో, కొంచెం పక్కకి తిప్పి పెట్టాలి. చేతి మైకు తెచ్చి మూతి దగ్గర పెడితే చెవులు చిల్లులు పడి జనం లేచి వెళ్ళిపోతారు, తప్పు మాత్రం విద్వాంసుడి మీదికి పోతుంది. డోలుకి రెండు పక్కలా రెండు మైకులు కావాలి, కర్రతో కొట్టే పక్క వేరు, వేళ్ళకి తొడుగులు పెట్టుకుని వాయించే పక్క వేరు. తప్పెటగుళ్ళ వాళ్ళకి వేదిక వద్దు, నేల మీద చోటివ్వండి. గుండె మీద తప్పెట కట్టుకుని, కాళ్ళకి గజ్జెలు కట్టుకుని ఎగిరే మనుషులకి చెక్కల వేదిక పనికిరాదు. మధ్యాహ్నం మూడు గంటలకల్లా మేళాలన్నీ వస్తే ఒక్కొక్కరికీ మైకు సరిచేసి పెడతాను. సౌండ్ చెక్ ఆర్కెస్ట్రాకి గంటసేపు ఇచ్చి, మేళానికి ‘మీకెందుకు, గట్టిగానే వినబడతారు కదా’ అనడం మా వృత్తిలో ఉన్న దురలవాటు. ఆ రోజు అలా జరగనివ్వను. ప్రతి మేళానికీ కనీసం ఇరవై ఐదు నిమిషాలు ఉండాలి. పది నిమిషాల్లో సన్నాయి రాగం ఎత్తుకోవడమే అవుతుంది.

ఆర్కెస్ట్రా ఉంటే ఉండనివ్వండి, సినిమా పాటలు నాకూ ఇష్టమే. చివర్లో పెట్టండి, పది గంటల కోత ఏదన్నా పడితే వాళ్ళకి పడనివ్వండి, వాళ్ళకి డబ్బు ముందే అందుతుంది కాబట్టి నష్టం లేదు. ఒక చట్టం సంగతి కూడా చూసుకోండి. 1957 నాటి కాపీరైట్ చట్టం పెళ్ళి ఊరేగింపులో వాయించే పాటకి మినహాయింపు ఇచ్చింది. టికెట్టు పెట్టి చేసే కచేరీకి, అది ఎంత మంచి పని కోసమైనా, ఆ మినహాయింపు వర్తించదు. సినిమా పాటలకి లైసెన్సు తీసుకోవాలి, దానికి డబ్బు కట్టాలి. మన మేళాల దగ్గరున్న కీర్తనలకి, జానపదాలకి, అమ్మవారి పాటలకి, కొండ పాటలకి ఆ బెడద లేదు. ఇది చాలు, మేళాలని ముందుకు తీసుకురావడానికి ఇంకో కారణం కావాలనుకునేవాళ్ళకి.

శాలువాలు, జ్ఞాపికలు ఈసారి ఆపండి. అతిథుల్ని గౌరవించాలంటే మొదటి వరసలో కూర్చోబెట్టి వినిపిద్దాం. సాయం అందుకునేవాళ్ళని వేదిక మీదికి పిలిచి, అట్ట మీద రాసిన పెద్ద చెక్కు చేతికిచ్చి ఫొటో తీయించడం అసలు వద్దు. ఆ క్లారినెట్ విద్వాంసుణ్ణి ఈ ఊరు వందల పెళ్ళిళ్ళలో చూసింది, టోపీ, బంగారు జరీ కుట్టిన కోటుతో, వరస ముందు నడుస్తూ. అతన్ని ఇప్పుడు చక్రాల కుర్చీలో వేదిక ఎక్కించి చప్పట్లు కొట్టించుకోవద్దు. డబ్బు ఇంటికి వెళ్ళి ఇవ్వండి. కచేరీకి అతన్ని రమ్మని పిలవండి, వింటాడు, అతనికి అది కావాలి.

వసూలైన డబ్బు గురించి. రెండు మూడు కుటుంబాలకి పంచేసి చేతులు దులుపుకుంటే మళ్ళీ ఏడాదికి మళ్ళీ మొదటికే వస్తాం. కష్టంలో ఉన్నవాళ్ళకి ఇప్పుడు ఇవ్వాల్సింది ఇద్దాం. కొంత భాగం మాత్రం నిలవ నిధిగా ఉంచుదాం. ప్రధానమంత్రి సురక్షా బీమాకి ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో పోతే ఇంటికి 2 లక్షలు వస్తాయి, 18 నుంచి 70 ఏళ్ళ దాకా చేరవచ్చు. జీవన జ్యోతి బీమాకి ఏడాదికి 436 రూపాయలు, 18 నుంచి 50 లోపు చేరాలి, ఎలా పోయినా 2 లక్షలు. రెండూ కలిపి మనిషికి 456. వందమంది మేళగాళ్ళకి కడితే 45,600 రూపాయలు. ముహూర్తం ముగించుకుని తెల్లవారుజామున వ్యానులో నిద్రమత్తులో తిరిగొచ్చే మనుషులకి ప్రమాద బీమా ఎంత అవసరమో నేను చెప్పక్కర్లేదు. అయితే ఇవి బ్యాంకు ఖాతాలోంచి మే నెలాఖరున కోసుకుంటారు. ఆ రోజుకి ఖాతాలో డబ్బు లేకపోతే బీమా ఆగిపోతుంది. నిధి నుంచి మే మూడో వారంలో ఆ 456 వాళ్ళ ఖాతాల్లో పడేలా చూసే మనిషి ఒకరు కావాలి. అంతే పని, కానీ ఏటా చెయ్యాలి.

కచేరీ రోజున మైదానంలో ఒక పక్క బల్ల వేయించండి. అసంఘటిత కార్మికుల కోసం కేంద్రం పెట్టిన ఈ-శ్రమ్‌లో నమోదు చేయించుకోనివాళ్ళకి అక్కడికక్కడే చేయించవచ్చు. ఒడిశా ప్రభుత్వానికి పేద కళాకారుల కోసం ముఖ్యమంత్రి కళాకార్ సహాయత యోజన ఉంది, నెలనెలా కొంత సాయం వస్తుంది. మన తెలుగు మేళగాళ్ళలో ఒడియా మాట్లాడేవాళ్ళు అందరూ ఉన్నారు గానీ రాయగలిగినవాళ్ళు తక్కువ. కాగితం చూస్తేనే టెన్షన్ పడి పక్కన పెట్టేస్తారు. కాలేజీ పిల్లలు నలుగురు కూర్చుని దరఖాస్తులు నింపిపెడితే ఆ సాయంత్రం చేసిన సాయం ఏళ్ళ తరబడి వస్తుంది.

సరిహద్దు మీద బతకడంలో ఉన్న కష్టం కూడా ఇక్కడే కనబడుతుంది. కూతవేటు దూరంలో ఉన్న పాతపట్నంలో యాభై దాటిన డప్పు కళాకారుడికి ఆంధ్ర ప్రభుత్వం నెలకి 4,000 రూపాయల పింఛను ఇస్తోంది. అదే డప్పు, అదే దరువు, ఒకే వియ్యంకుల ఇళ్ళు. గీత ఇవతల ఉన్నవాడికి ఆ పింఛను లేదు. అటుపక్కైనా అది డప్పుకే, క్లారినెట్ వాయించేవాడికి కాదు. కేంద్రం 2023లో తెచ్చిన విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. వాటిలో క్షౌరవృత్తి ఉంది. సన్నాయి వాయించే కుటుంబాల్లో చాలామందిది ఆ వృత్తి కూడా, కాబట్టి కత్తెర కోసం సాయం అడగవచ్చు. సన్నాయి కోసం అడగడానికి ఆ జాబితాలో చోటు లేదు. కమిటీలో చదువుకున్నవాళ్ళు, పలుకుబడి ఉన్నవాళ్ళు ఉన్నారు. వాద్యం వాయించేవాడిదీ వృత్తేనని, దాన్ని జాబితాలో చేర్చమని మన పార్లమెంటు సభ్యుడికి, ఎమ్మెల్యేకి ఒక వినతిపత్రం మీరు ఇవ్వాలి. కచేరీకి వాళ్ళని పిలిచినప్పుడు శాలువా బదులు అదే చేతిలో పెట్టండి.

నిధి ఖాతా మీద సంతకాలు ఎవరివి అన్న ప్రశ్న రేపు తప్పకుండా వస్తుంది. అయిదుగురిలో ముగ్గురు మేళాల వాళ్ళే ఉండాలని నా అభిప్రాయం. ఒకరు తెలుగు మేళం నుంచి, ఒకరు ఒడియా మేళం నుంచి, ఒకరు కొండ గూడేల నుంచి. డబ్బు వ్యవహారం వాళ్ళకి తెలియదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. పదిహేనుమంది బ్యాండుకి బయానా తీసుకుని, వ్యాను మాట్లాడి, భోజనాలు చూసి, వాయించినదాన్ని బట్టి వాటాలు వేసి, పెళ్ళికొడుకు తలచుట్టూ తిప్పి ఇచ్చిన నోటు దగ్గర్నుంచి అందరి ముందూ లెక్కచెప్పే బ్యాండు మాస్టరుకి మనం నేర్పాల్సింది ఏమీ లేదు. కచేరీ అయిన వారంలోగా వసూలు ఎంత, ఖర్చు ఎంత, మిగిలింది ఎంత అన్నది తెలుగులోనూ ఒడియాలోనూ రాసి మార్కెట్ దగ్గర అంటించండి. చందా ఇచ్చినవాడికి వచ్చే ఏడాది మళ్ళీ ఇవ్వాలనిపించేది అది చూశాకే. టికెట్టు 500 లోపు ఉంటే జీఎస్టీ బెడద కూడా లేదు. నూరు రూపాయలు, రెండొందలు చాలు. వెనక నేల మీద కూర్చునేవాళ్ళకి ఉచితం.

మాట్లాడే భాష సంగతి. మీ ఆహ్వానం తెలుగులోనే ఉంది. వచ్చే మేళాల్లో సగం ఒడియా వాళ్ళు, కొండ గూడేల్లో ఉండే సవరలు. ఒడియా వాళ్ళ ఘంట మృదంగం బృందాన్ని పిలిచి, వాళ్ళ గురించి వాళ్ళకి అర్థం కాని భాషలో పరిచయం చేస్తే బాగుండదు. మూడు భాషల్లోనూ చెప్పిద్దాం, సవర మాట్లాడే అమ్మాయిని ఒకరిని మైకు దగ్గర పెడదాం. ఇది పర్లాకిమిడి. గిడుగు రామమూర్తి గారు ఇక్కడ రాజా వారి బడిలో పాఠాలు చెబుతూ సవర నేర్చుకుని, వాళ్ళ పాటలూ కథలూ వాళ్ళ నోటి నుంచే రాసుకున్నారు. ఆగస్టు 29న ఆయన పేరు చెప్పి తెలుగు భాషా దినోత్సవం చేసుకునే మనం, ఆయన చెవి పెట్టి విన్నవాళ్ళ మనవల్ని మునిమనవల్ని వేదిక వెనక కూర్చోబెట్టకూడదు.

ఇక నా వంతు. ఆ రోజుకి మైకు సెట్టు, పెట్టెలు, మిక్సరు, స్టాండ్లు, ఊరేగింపు దారిలో కావలసిన లైట్లు నావి. అద్దె వద్దు. నా దగ్గర పనిచేసే కుర్రాళ్ళు ఇద్దరు మధ్యాహ్నం నుంచి రాత్రి సామాను ఎత్తేదాకా ఉంటారు, వాళ్ళ కూలీ మాత్రం కమిటీ ఇవ్వాలి. మేళాలకి కూలీ ఇస్తామని, పుష్యమాసానికి తేదీ మారుస్తామని మీ నుంచి మాట వస్తే, ఆ మర్నాడే వచ్చి మైదానం కొలతలు తీసుకుంటాను.

ఇట్లు,
పర్లాకిమిడిలో మైకు సెట్టు నడుపుకునే మీవాడు